మొలకెత్తిన హరప్పా

థర్మాకోల్ అంటే నాకు ఒళ్లుమంట. ఏ ప్రాజెక్టు ఇచ్చినా పిల్లలు దాన్నే పట్టుకొస్తారు. పిరమిడ్‌కీ అదే, చార్మినార్‌కీ అదే, ఊపిరితిత్తులకీ అదే. అందుకే ఈసారి ఆరో తరగతిలో సింధు నాగరికత పాఠం అవగానే గట్టిగా చెప్పేశాను. హరప్పాను మట్టితోనే కట్టాలి, బాగా వచ్చిన ఒక్కటి సూర్యాపేటలో జిల్లా ప్రదర్శనకు వెళ్తుంది అని.

నేను రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చి మఠంపల్లి వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లలు నా మాట ఎంత చక్కగా విన్నారంటే, వారం తిరక్కుండానే చిరంజీవి తెల్లటి థర్మాకోల్ హరప్పాను ఆటోలో దింపించాడు. వాళ్ల నాన్న మిర్యాలగూడలో ఏదో షాపులో చేయించాడట. ధాన్యాగారానికి మెరుపు కాగితం కూడా అంటించారు.

మట్టి తెచ్చింది సుధ ఒక్కతే. సుధ తండా పిల్ల. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, రెండూ వచ్చు కానీ క్లాసులో ఏ భాషలోనూ నోరు విప్పేది కాదు. హాజరు పిలిచినా చెయ్యి మాత్రమే ఎత్తేది. అలాంటి పిల్ల రోజూ బడి వదిలాక ఉండి, ఒక చెక్క మీద వీధులు, బావులు, మురుగు కాలువలు ఓపిగ్గా కట్టింది. ఇంటికి వెళ్లే ముందు మాత్రం ఒకే ఒక్క మాట అడిగేది.

"నేను పోతనా మేడం, సూర్యాపేటకు?"

"ఎండనీ, చూద్దాం" అనేదాన్ని. పంపితే దీన్నే పంపాలని మనసులో ఎప్పుడో అనుకున్నాను.

గోడలు బీటలు వారుతుంటే సుధ మట్టిలో తాలు కలిపింది. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఎగబోసి పారేసిన తాలు. "మా అమ్మ ఇంటిగోడకు గిట్లనే కలుపుతది" అంది. తొందరగా ఎండిపోకుండా మీద తడి గోనెసంచి కప్పింది. ఇంతలో సెలవులు కలిసొచ్చి బడి మూతపడింది.

మళ్లీ తలుపు తీసి సంచి ఎత్తి చూస్తే హరప్పా అంతా పచ్చగా ఉంది. తాలులో గట్టి గింజలు కూడా ఉన్నాయి కాబోలు, గోడల మీదా వీధుల్లోనూ వరి మొలకలు లేచి నిలబడ్డాయి. "మేడం, హరప్పాల నాట్లేసిన్రు" అన్నాడు చిరంజీవి. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. సుధ ముఖం చూశాక ఆగింది.

సంగతి విని హెడ్మాస్టర్ సాంసన్ సార్ వచ్చారు. బల్లల వరస కాస్త వంకరగా ఉన్నా ఊరుకోని మనిషి ఆయన. "మొలకలు పీకేయ్ బిడ్డా, ఖతం" అన్నారు. సుధ ఒకటి పీకింది. వేరుతో పాటు గోడ ముక్క ఊడొచ్చింది. ఇంకోటి పీకితే ధాన్యాగారం మూల కూలింది.

"ఇగ వద్దు. చిరంజీవిది పంపుదాం మేడం. గడ్డి మొలిసిన ఊరు పెడితే సూర్యాపేటల మన పరువు పోతది" అన్నారు సార్.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. థర్మాకోల్ పంపేటట్టయితే నేను రానని చెప్పబోతుంటే, సుధే ముందు మాట్లాడింది.

"గడ్డి మొలిసినా గది ఊరే సార్."

"ఏంది?"

"జనం పోయినంక హరప్పా గిట్లనే ఉండుంటది. మా పాత తండా గట్లనే ఉన్నది."

ఆ తండాను డ్యాం నీళ్లొస్తాయని ఖాళీ చేయించేనాటికి సుధ పుట్టనేలేదు. ఎండాకాలం కృష్ణలో నీళ్లు తగ్గితే గోడలు బయటపడతాయి. అప్పుడు వాళ్లమ్మ సాలి ఏటా ఈ పిల్లను తీసుకెళ్లి, ఇది మన పొయ్యి, ఇది మన మేకల దొడ్డి అని చూపిస్తుందట. ఇంత మాట సుధ ఆగకుండా చెప్పింది. ఆఖర్న కొంచెం గొంతు తగ్గించింది.

"మా అమ్మ ఆ గడ్డి పీకదు సార్. గోడ పడిపోతదంటది."

సాంసన్ సార్ ఊడిపడ్డ గోడ ముక్కను ఏరి చెక్క మీద పెట్టారు. తర్వాత చిన్నగా అడిగారు. "మీ పాత తండాకు ఇవతల ఒక ఊరు ఉండాలె. చర్చి కనబడతదా?"

"కప్పు లేదు సార్. మెట్లున్నయ్."

"పొద్దుగూకితే మా నాయిన గా మెట్ల మీదనే కూసునేటోడు" అన్నారు ఆయన. ఇన్నేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం, ఆయన ఊరూ ఆ నీళ్లలోనే పోయిందని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "దీన్ని గిట్లనే పంపుదాం మేడం. తొవ్వల నీళ్లు సల్లుకుంట పోవాలె" అన్నారు.

సూర్యాపేటలో బహుమతి మాకు రాలేదు. సుధ మాత్రం చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ, ఇది జనం వెళ్లిపోయాక హరప్పా అని చెబుతూనే ఉంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఆ పిల్లను చూస్తుంటే బహుమతి ఎవరికి వచ్చిందో కనుక్కోవాలని కూడా నాకు అనిపించలేదు.

తిరుగు బస్సులో హుజూర్‌నగర్ దాటాక సాంసన్ సార్ మా ముందు సీటులోంచి వెనక్కి తిరిగారు.

"సుధా, నీళ్లు ఏ నెలల తగ్గుతయ్?"

"మే నెలల సార్."

"మీ అమ్మ పోయేటప్పుడు నాక్కూడ జర చెప్పుమను. ఇన్నేండ్లాయె, ఒక్కన్ని పోనీకి నాకు ధైర్యం చాల్లేదు."