ఉమాకాంత్ ఇంటి ఆఖరి ఫొటో

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఇంద్రసేన పొద్దుగాల స్టూడియో షట్టర్ లేపుడే తిట్టుకుంట లేపుతడు. రోడ్డు తవ్వి పూడ్చకుండ పోయినోళ్ళను తిడతడు. షట్టర్‌కు అడ్డంగ స్కూటర్ పెట్టి లైబ్రరీకి పోయినోళ్ళను తిడతడు. ఊదుబత్తి ముట్టిచ్చి పటానికి దండం పెట్టేటప్పుడు మాత్రం నోరు ఆగుతది. ఆ వెంటనే మళ్ళ షురూ. నారాయణగూడ చౌరస్తా దాక ఆయన నోటికి జడవనోడు లేడు, ఆయన తీసిన ఫొటోకు వంక పెట్టినోడు గూడ లేడు.

పాస్‌పోర్ట్ సైజులు, పరీక్ష ఫారాలకు అంటించే ఫొటోలు, పెండ్లిచూపుల ఫొటోలు రోజూ ఉండేటియే. ఆ ఏండ్లల్ల ఇంకో గిరాకి ఎక్కువైంది. అశోక్‌నగర్ల, నల్లకుంటల పాత ఇండ్లు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి పోతున్నయి. ఇల్లు కూలగొట్టేముందు ఇంటోళ్ళందరు మంచిబట్టలు కట్టుకొని, వాకిట్ల నిలబడి, ఆఖరి ఫొటో దిగుడు అక్కడి రివాజు. ఆ ఫొటోల నిలబడ్డోళ్ళొక్కళ్ళే రారు. ఆ ఇంట్ల బతికినోళ్ళందరు వస్తరు. ఎన్నడో పోయిన తాత అరుగు మీద చుట్ట తాగుకుంట వస్తడు. కిరాయికుండి ఖాళీ చేసిపోయిన టీచరమ్మ మెట్ల మీద తల దువ్వుకుంట వస్తది. ఏండ్ల తరబడి ఉన్నోళ్ళు చిక్కగ పడతరు. నాలుగు రోజులుండి పోయినోళ్ళు పల్చగ పడతరు, వాళ్ళల్లకెల్లి వెనక గోడ కనిపిస్తది. ఇదేంది ఇట్ల అని ఎవ్వరూ అడగరు. "మా నాయినమ్మ జర చిన్నగ వచ్చిందన్నా, పెద్ద సైజుల కడిగియ్యి" అంటరు, అంతే.

బిల్డర్లు గూడ ఆ ఫొటో చూడంది అగ్రిమెంట్ రాసుకోరు. అండ్ల చిక్కగ పడ్డోళ్ళంత ఒప్పుకోవాలె. లేకుంటే పునాది తవ్విన్నాడే లొల్లి మొదలైతదని వాళ్ళ భయం.

ఒకనాడు ఉమాకాంత్ స్టూడియోకు వచ్చిండు. నలభై దాటినయి, సఫారీ సూటు, వేలికి తిప్పుకుంట కారు తాళంచెవి. పెండ్లయినకాడికెల్లి హిమాయత్‌నగర్ ఫ్లాట్ల ఉంటడు.

"రేపు మా అశోక్‌నగర్ ఇంటికి రావాలె ఇంద్రసేన గారూ. ఆఖరి ఫొటో."

"రామక్క ఒప్పుకున్నదా?"

"ఆమెనేంది అడిగేది? పనిమనిషి."

ఇంద్రసేన చేతిలున్న చాయ్ కప్పు టేబుల్ మీద కొట్టినట్టు పెట్టిండు. పనిమనిషి అంట! ఉమాకాంత్‌ను కన్నంక తల్లి బాలత్రిపురసుందరమ్మ మంచం పట్టింది. అప్పుడు ఊరికెల్లి వచ్చిన రామక్క ఆ పిల్లగాన్ని చంకకెత్తుకొని, దించితే గదా! స్నానం పోసుడు, బువ్వ తినిపిచ్చుడు, బడికి తోలుడు, అన్ని ఆమెనే. ఆ తల్లి పోయేముందు వాడకట్టోళ్ళందరి ముంగట, "వెనక రెండు అర్రలు రామక్కయి, బతికినన్ని రోజులు ఎవ్వరూ లేపద్దు" అన్నది. అప్పుడు ఉమాకాంత్ తలకాయ ఊపిండు, అందరు చూసిన్రు. ఇప్పుడు ఆ రెండు అర్రల్లనే రామక్క మెస్ నడుపుతది. ఊర్లకెల్లి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పోరగాండ్లు, పోరిలు ఆడ పప్పు, పచ్చిపులుసు తిని లైబ్రరీల కూసుంటరు. ఆ అర్రలు పోతే ఆమెకు పోనీకి ఊరు లేదు, ఇల్లు లేదు.

"నీకు సిగ్గున్నదా ఉమాకాంత్?" అన్నడు ఇంద్రసేన. ఎప్పుడు ఉమాకాంత్ గారు అనేటోడు, అది ఆడికి బంద్ అయింది.

"మీ పని ఫొటో తీసుడు. తియ్యిన్రి."

తెల్లారి ఇంద్రసేన స్టాండ్ కెమెరా మోసుకొని పోయిండు. ఉమాకాంత్ ఒక్కడే వాకిట్ల నడిమిట్ల నిలబడ్డడు. రామక్క చేతిల గంటెతోనే పొయ్యికాడికెల్లి బయటకు వచ్చింది.

"నువ్వు అవతలికి పో. గేటు బయట నిలబడు. ఫొటోల పడద్దు" అన్నడు ఉమాకాంత్.

"ఏందిరా ఉమా? నీ ముడ్డి కడిగిన చెయ్యి ఫొటోకు అడ్డమొచ్చిందా?"

"పో అంటున్న!"

రామక్క ఏడుస్తదనుకున్నడేమో, ఆమె ఏడవలే. గల్లీ దాటి కరెంట్ స్తంభం పక్కన నిలబడ్డది. గంటెకెల్లి పప్పు కారుతనే ఉన్నది. "తియ్యి ఇంద్రసేన, తియ్యి. నేను ఈడనే ఉంట" అన్నది. ఇంద్రసేన నల్లగుడ్డ కింద తల పెట్టి పండ్లు పటపట కొరుక్కుంట ఫొటో తీసిండు.

సాయంత్రం డార్క్‌రూంల ఎర్రబుగ్గ కింద కాగితం మీద బొమ్మ తేలొచ్చింది. ముందుగాల రామక్క వచ్చింది. నీళ్ళ తొట్టికాడ రామక్క, పొయ్యికాడ రామక్క, దండెం మీద బట్టలేసుకుంట రామక్క. అరుగు మీద పిల్లగానికి ముద్ద పెట్టుకుంట ఒకతి, వాకిట్ల వాన్ని చంకకెత్తుకొని చందమామను చూపిచ్చుకుంట ఇంకొకతి, గేటుకాడ వాని బడిసంచి భుజాన ఏసుకొని మరొకతి. అందరు రామక్కలే, అంత చిక్కగ. కిటికీల తల్లి మంచం మీద కూసొని చూస్తున్నది. నడిమిట్ల, పెండ్లయినంక ఆ ఇంట్ల ఉండని సఫారీ సూటు ఉమాకాంత్ పల్చగ పడ్డడు. ఆయన కడుపులకెల్లి మెట్లు కనిపిస్తున్నయి.

"బాగైంది బాడ్కవ్‌కు!" అని ఇంద్రసేన ఒక్కడే నవ్విండు.

ఉమాకాంత్ ఆ ఫొటో చూసి చెవులదాక ఎర్రబడ్డడు.

"ఈమెను తీసెయ్యి. మీరు రీటచ్ చేస్తరు గద."

"మొటిమ గీకుత. మచ్చ గీకుత. మనిషిని గీక."

"నెగటివ్ నాది. పైసలిచ్చిన."

ఇంద్రసేనకు కోపం నెత్తికెక్కింది. నెగటివ్ తెచ్చి అద్దం బల్ల మీద పెట్టి కింద లైటు ఏసిండు. బ్లేడు, పెన్సిలు పక్కకు విసిరిండు.

"నీది గదా, నువ్వే గీక్కో! ఎవరి చంకల ఎవరున్నరో జర చూసుకొని గీకు."

చూసుకునే మనిషైతే ఆడిదాక ఎందుకు వస్తడు? కండ్లద్దాలు పైకి నెట్టుకొని కూసున్నడు. తొట్టికాడి రామక్కను గీకిండు. పొయ్యికాడి రామక్కను గీకిండు. అరుగు మీది రామక్కను గీకుతుంటే ముద్ద కోసం నోరు తెరిచిన పిల్లగాడు గూడ ఆమెతోని పాటే పోయిండు. చంకకెత్తుకున్న రామక్క పోతే చంకలోడు నిలుస్తడా? వాడూ పోయిండు. గేటుకాడ బడిసంచి పోయింది, సంచి వెనక నడిచేటోడు పోయిండు. దండెంకాడ మిగిలిన ఒక్కతిని గూడ వదల్లే. ఖాళీ జాగల్ల పెన్సిల్‌తోని గోడ దిద్దిండు. ఆ గోడకు గజ్జి లేచినట్టున్నది. ఇంద్రసేన చేతులు కట్టుకొని నిలబడి చూసిండు. ఆయన తిట్టకుండ అంతసేపు ఉండుడు చిక్కడపల్లిల ఎవ్వరూ చూడలే.

అట్ల కడిగిచ్చుకున్న ఫొటో తీస్కపోయి ఉమాకాంత్ బిల్డర్ శ్రీనాథ్ ముంగట పెట్టిండు. కవాడిగూడల ఆయన ఆఫీసు. శ్రీనాథ్ ఫొటోను దగ్గరికి తీసుకొని చూసిండు, దూరం పెట్టి చూసిండు.

"ఇల్లు మంచిగున్నది సార్. గని మీరేరి?"

"నడిమిట్ల నేనే గద" అని ఉమాకాంత్ వేలు పెట్టిండు. వేలు కింద ఉత్త మెట్లున్నయి.

"ఇంట్ల మీరు లేకపోతే మీతోని అగ్రిమెంట్ ఎట్ల రాసుకుంట? ఇంకో ఫొటో తీపిచ్చుకొని రాన్రి."

ఉమాకాంత్ ఇంద్రసేన మీదికి పోయిండు, ఫొటో చెడగొట్టినవని ఒర్లిండు. ఇంద్రసేన కెమెరా సదురుకొని లేచిండు. రామక్క కూరగాయలకు పోయిన టైం చూసి ఉమాకాంత్ మళ్ళ వాకిట్ల నిలబడ్డడు. ఈసారి ఛాతీ ముందుకు పెట్టి, ఊపిరి గూడ బిగబట్టిండు.

రెండో ఫొటోల రామక్క మళ్ళ వచ్చింది. రాదా మరి? ఆమె ఆ పొద్దుగాల గూడ ఆ వాకిలి ఊడ్చింది, ఆ పొయ్యే ముట్టిచ్చింది. తొట్టికాడ, దండెంకాడ, మెట్ల మీద, ముందటి లెక్కనే చిక్కగ ఉన్నది. చంక మాత్రం ఖాళీ. అరుగు మీద ఆమె చేతిల ముద్ద ఉన్నది, ముద్దకు ఎదురుగ ఎవ్వరూ లేరు. వాకిట్ల నడిమిట్ల సఫారీ సూటు జాడ లేదు.

శ్రీనాథ్ ఆ ఫొటో చూసి కాగితాలు సొరుగుల పెట్టేసిండు. "ఇగ ఈ ఇంటి సంగతి ఆ పెద్దమ్మను అడగాలె. ఆమె వద్దంటే వద్దు. మీరెవరో గని సార్, జర తొవ్వియ్యిన్రి, వేరేటోళ్ళు కూసున్నరు."

ఉమాకాంత్ అగ్గి మీద గుగ్గిలమై అశోక్‌నగర్‌కు ఉరికిండు. మధ్యాహ్నం, మెస్ నిండ పోరగాండ్లు. స్టీలు పళ్ళాల చప్పుడు. ఆయన గుమ్మంల నిలబడి, "రామక్కా!" అని అరిచిండు. "నువ్వు చేసిన పనికి నిన్ను ఇవ్వాళనే బయటకు గుంజకపోతే నేను..."

రామక్క గంటె ఆపి తలెత్తింది. ఆయనను కిందికెల్లి మీదికి చూసింది. ఆమె కండ్లల్ల కోపం ఉంటే ఆయన ఓర్చుకునేటోడు. కొట్టనీకి వచ్చినా ఓర్చుకునేటోడు.

"ఎందుకయ్య గట్ల ఒర్రుతున్నవ్? ఆకలైతుందా?" అన్నది. "ఇంత పెద్దగైనంక పరీక్షలు రాస్తున్నవా? రాయి, రాయి, తప్పేమున్నది. ఓ భాగ్యశ్రీ, జర జరుగు, ఈ కొత్తాయనకు జాగ ఇయ్యి."

"రామక్కా, నేను ఉమాను."

"మంచిది బిడ్డా." ఆమె పళ్ళెం కడిగి నీళ్ళు దులిపింది. అన్నం పెట్టింది, నడిమిట్ల గుంట చేసి పప్పు పోసింది. ఉమాకాంత్‌కు చిన్నప్పుడు గట్లనే పోసేది. "కూసో, తిను. ఏ ఊరు మీది?"

గోడకానుకొని తింటున్న పోరగాండ్లందరు తల తిప్పి చూసిన్రు. ఆ ఇంట్లనే పుట్టిన ఉమాకాంత్‌కు ఏ ఊరి పేరు చెప్పాల్నో తెల్వలే.