రెండు తీగలు, ఒకే స్తంభం

శ్రీకాకుళంలోని మిషన్ ఆసుపత్రికి కళింగపట్నంలో చిన్న క్లినిక్ ఉంది. గుండెనొప్పని ఎవరైనా వస్తే అక్కడి నర్సు నీలవేణి ఈసీజీ తీసి, నెట్ ద్వారా శ్రీకాకుళం డాక్టరుకు పంపుతుంది. ఇందుకోసం ఏళ్లుగా లీజ్డ్ లైన్ ఉండేది. ఆసుపత్రి ఒక్కదానికే కేటాయించిన లైను కాబట్టి నమ్మకమైనదే, కానీ దాని నెల అద్దె ఒక నర్సు జీతమంత.

ఆసుపత్రి కంప్యూటర్ల బాధ్యత చూసే ప్రిస్కిల్లా, దాని బదులు రెండు వేర్వేరు కంపెనీల మామూలు ఫైబర్ కనెక్షన్లు తీసుకుందామంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది, రెండూ కలిపినా పాత అద్దెలో ఐదో వంతే. కమిటీ వెంటనే ఒప్పుకుంది. కార్యదర్శి జీవరత్నంగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

మర్నాడు, లైన్లు ఏ దారిన వస్తాయో చూద్దామని ప్రిస్కిల్లా కళింగపట్నం వెళ్లి, తీగల వెంటే స్కూటీ నడిపింది. రెండు కంపెనీల తీగలూ ఒకే కట్టగా, ఒకే స్తంభాల మీద సాగుతున్నాయి. మలుపు దగ్గరైనా విడిపోతాయేమో అనుకుంది. ఊరు దాటినా విడిపోలేదు. గడ్డి లారీ ఒక్కటి తగిలితే రెండూ ఒకేసారి తెగుతాయి.

ఊరుకుంటే అడిగేవారు లేరు. అయినా స్కూటీని నేరుగా జీవరత్నంగారి ఇంటికి తిప్పింది.

"నిన్న నేను సెప్పింది తప్పండి సార్," అని చూసినదంతా చెప్పింది.

"ఏటమ్మా ఇది? రెండుంటే బెంగలేదని నువ్వే కదా అన్నావు! మళ్లీ ఆ లీజ్డ్ లైనంటే కమిటీ ఒప్పుకోదు."

"అదొద్దండి. ఫైబరు ఒకటుంచి, రెండోది సిమ్ముతో పెడదాం. అక్కడి సెల్ టవరుకి లైను వేరే రోడ్డు మీంచి వస్తన్నాది, అదీ అక్కడే కనుక్కున్నాను. ఖర్సు కొంచెం పెరుగుతాది, అంతే."

"ఆ సముద్రం పక్కన ఫోన్లో మాటే ఇనబడదు. ఈసీజీ పోతాదేటి?"

"మీరే వచ్చి సూడండి. పోకపోతే నేనే వద్దంటాను."

ఆ శనివారం ఆయన క్లినిక్‌కి వచ్చారు. ప్రిస్కిల్లా మేడ పిట్టగోడకు యాంటెన్నా బిగించి, ఆ వారమే వచ్చిన ఫైబర్ తీగ ఊడబీకింది. "మీ ఈసీజీయే పంపుదాం సార్," అంది. ఆయన గొణుక్కుంటూనే చొక్కా విప్పి పడుకున్నారు. నీలవేణి ఈసీజీ తీసి పంపింది. సగంలో ఆగిపోయింది.

"సెప్పానా!" అన్నారాయన.

"లేవకండి సార్," అని ప్రిస్కిల్లా మళ్లీ మేడెక్కింది. గాలికి చున్నీ మొహాన పడుతుంటే నడుముకు చుట్టి, యాంటెన్నా విప్పి వాటర్ ట్యాంకు పైకి మార్చింది. పంపితే మళ్లీ ఆగింది. టవరు వైపు ఇంకాస్త తిప్పి, కిందికి కేకేసింది: "నీలవేణీ, ఇంకోసారి పంపు!"

కాసేపటికి కింద ఫోను మోగింది. శ్రీకాకుళం నుంచి డాక్టరు. "ఎవరిదీ ఈసీజీ? బాగానే ఉందే!"

జీవరత్నంగారు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "కమిటీకి నేనే సెప్తాను," అన్నారు.

వానాకాలంలో ఫైబర్ తెగనే తెగింది. ఆ పూటే ఛాతీ పట్టుకుని ఉన్న లక్ష్ముడనే జాలరిని క్లినిక్‌కి తెచ్చారు. అతని ఈసీజీ దానంతటదే సిమ్ము దారిన వెళ్లింది. డాక్టరు చెప్పిన మందు వేసి, అంబులెన్సులో శ్రీకాకుళం పంపారు. మనిషి దక్కాడు. తీగ తెగిందన్న సంగతే నీలవేణికి తెలియలేదు.

ప్రిస్కిల్లా మాత్రం ఆ సరికే ఫైబర్ కంపెనీవాళ్లకు మూడోసారి ఫోను చేస్తోంది.