సోములమ్మ ఒప్పుకోలు

సోములమ్మకు పుట్టుచెవుడు, మాట రాదు. అంతమాత్రాన నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటే మీ ఖర్మ. కోడలు నిర్మలతో చేతులతోనే పొద్దస్తమానం దెబ్బలాడుతుంది, చాలాసార్లు గెలుస్తుంది కూడా. ఇక జొన్న కంకి వేశాక మంచె ఎక్కి చిలకల మీద ఆవిడ పెట్టే కేక కొండ కింద ఊళ్ళకు కూడా తెలుసు. ఆ కేక ఆవిడకు వినపడదు, గుండెలో అదురుగా తెలుస్తుందంతే.

మోకాళ్ళు అరిగిపోయాయి. ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, తన కాఫీ తోట మీద వచ్చిన డబ్బుతో తనే ఆరోగ్య బీమా కట్టుకుంటానని పట్టుబట్టింది. వైకల్యమున్న పెద్దవాళ్ళ కోసమే ప్రత్యేకంగా తెచ్చిన పాలసీ అంటూ ఏజెంటు శివకుమార్ పాడేరు నుంచి వచ్చాడు. సిగ్నల్ అందేది చేను గట్టున మాత్రమే కాబట్టి ముగ్గురూ మంచె కింద కూర్చున్నారు.

"ఇప్పుడు కంపెనీ నుంచి ఫోనొస్తాది. ఒప్పుకున్నానని ఆవిడ నోటితో సెప్పాల. రికార్డు సేస్తారు" అన్నాడు.

నిర్మల తెల్లబోయింది. "మాట రానోళ్ళకి కూడా పాలసీ అన్నారు. నోటితో సెప్పమంటారేటి బాబూ?"

"రూలలాగుంది. దానికేటి, నేనే సోములమ్మనని నువ్వు సెప్పీ. ఫోన్లో మొకం కనిపిస్తాదా?"

అతను కోడలికేసి తిరిగి మాట్లాడుతున్నాడు. సోములమ్మ భుజం పట్టి అతన్ని తన వైపు తిప్పుకుంది. నిర్మల చేతులతో సంగతంతా చెప్పేసరికి ఆవిడకు ఒళ్ళు మండింది.

మొగుడు పోయాక భూమి పంచిన నాడూ ఇంతే. "మా వదినకి మెట్టచేను వద్దంట" అని మరిది గాసి పెద్దల ముందు చెప్పేశాడు. ఆవిడ చేతులు అడ్డంగా ఊపుతూనే ఉంది, ఒక్కరూ చూడలేదు. ఆ మెట్టచేను ఇప్పుడు ఎదురుగానే, పారే గెడ్డకు అవతల ఉంది. గాసి అందులో కలుపు తీస్తున్నాడు.

సోములమ్మ ఒక చెయ్యి తన గుండె మీద వేసుకుంది. రెండో చేత్తో నిర్మల నోరు మూసింది.

"మా అత్త ఒప్పుకోదు బాబూ" అంది నిర్మల. "రేపు ఆస్పత్రిలో పడితే, ఆ గొంతు ఈవిడది కాదని మీ వోళ్ళే అంటారు."

"అయితే పాలసీ రాదు" అన్నాడతను విసుగ్గా. అంతలో ఫోన్ మోగింది. నిర్మల ఎత్తి స్పీకర్లో పెట్టింది.

"సోములమ్మగారేనా అండీ?" అందొక అమ్మాయి.

"నేను ఆవిడ కోడల్ని. అత్తకి వినపడదు, మాట రాదు. మీరు అడగండి, నేను సేతులతో సెప్తాను. ఒప్పుకునేది మాత్రం ఆవిడే."

"సారీ అండీ, కస్టమర్ గొంతే రికార్డవ్వాలి."

నిర్మల ఆ ముక్క కూడా చేతులతో చెప్పింది. నీ గొంతే కావాలట.

సోములమ్మ ఫోన్ లాక్కుని, మంచె గుంజ పట్టుకుని లేచి, గుండె నిండా ఊపిరి పీల్చి కేక పెట్టింది. చేలో చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. శివకుమార్ చెవులు మూసుకున్నాడు.

"అదేంటండీ?" అంది ఫోన్లో ఆ అమ్మాయి.

"మా అత్త గొంతు. ఒప్పుకున్నానంటంది. సరిగా రికార్డవకపోతే ఇంకోపాలి సెప్తాది."

"వద్దండీ, అయింది. కస్టమర్ స్వయంగా ఒప్పుకున్నారని రాస్తున్నాను."

నిర్మల ఆ మాట చేతులతో చెప్పింది. సోములమ్మ తలాడించి ఫోన్ ఇచ్చేసింది. గెడ్డ అవతల గాసి నడుమెత్తి ఇటే చూస్తున్నాడు. ఆవిడ మెట్టచేను వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే రెండో కేక పెట్టింది.