సిస్టర్ బెనిగ్నా పూచీ

మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావలసిన అర్సేనియో గిన్నెలు కడిగి బోర్లించే వేళకి కూడా రాలేదు. సిస్టర్ బెనిగ్నా గేటు దాకా వెళ్లడం, వీధి చివరి దాకా చూడడం, వెనక్కి రావడం. ఆ ఇంట్లో ఉన్న మగవాళ్లందరూ జైలు నుంచో, మత్తు నుంచో, రెంటి నుంచో బయటపడ్డవాళ్లే.

ఆమె అసున్సియోన్ నగరంలో ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది. తన దగ్గర చదివినవాళ్లే ఒకరి తర్వాత ఒకరు జైల్లో తేలడం చూసి, మఠం పెద్దల్ని ఒప్పించి ఈ ఇల్లు పెట్టింది. దొంగతనం కేసులో అర్సేనియోకి ఇంకా శిక్ష పూర్తికాలేదు. ఆమె పూచీ మీదే జడ్జి అతన్ని ఇక్కడ ఉండనిచ్చాడు. ఈ రోజు చర్చిలో కూతురు మొదటిసారి సత్ప్రసాదం తీసుకుంటోందని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"ఎవర్నైనా తోడు పంపండమ్మా" అని వంటావిడ ఎర్మెలిందా పొద్దున్నే చెప్పింది.

"కన్నకూతురి ముందు కాపలావాణ్ణి వెంటేసుకుని నిలబడతాడా?" అని సిస్టరే కొట్టిపారేసింది.

ఇప్పుడు ఆ మాటే పదేపదే గుర్తొస్తోంది. సాయంత్రం కోర్టు అధికారి విల్యాల్బా, అందరూ ఇంట్లో ఉన్నారా అని ఫోన్ చేస్తాడు. మనిషి లేడంటే అర్సేనియో ఒక్కడితో పోదు. మిగతావాళ్లనీ తిరిగి జైలుకి తోలేస్తారేమో. ఆమె గొడుగు తీసుకుని బయల్దేరింది.

చర్చి దగ్గర పూలు ఊడుస్తున్న ముసలాయన చెప్పాడు. "వచ్చాడమ్మా. వెనక నిలబడ్డాడు. వాళ్ల బావమరిది చూసి, పిల్ల పరువు తియ్యకు, పో అన్నాడు. ఒక్క మాట ఎదురాడకుండా పోయాడు."

"ఎటు?"

ముసలాయన చీపురుతో నది వైపు చూపించాడు.

నది ఒడ్డు పల్లంలో రేకులిళ్ల పేట ఉంది. అర్సేనియో మొదటిసారి మత్తు పొట్లం కొనుక్కున్నది అక్కడే. వరద తీసి రెండు వారాలైనా దారంతా ఎర్రబురద. ఒక చేత్తో అంగీ అంచు ఎత్తిపట్టుకుని, గొడుగు ఆనించుకుంటూ దిగింది. ఎవరి గుమ్మంలో పడి ఉంటాడో, ఊపిరి ఉంటుందో లేదోనని ఒక్కో ఇంటి మలుపు దగ్గరా భయపడింది.

పడి లేడు. నీలం రేకుల ఇంటి ముందు, తిరగేసిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు తేటగానే ఉన్నాయి. చొక్కా మాత్రం చెమటకి వీపుకి అంటుకుపోయింది.

"తీసుకున్నావా?"

"లేదు సిస్టరమ్మా. లేవలేకపోతున్నాను. లేస్తే కాళ్లు ఆ గుమ్మంలోకే పోతాయి."

గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి కొమ్ముతో చేసిన గ్లాసులో, ఆకులు నానేసిన చల్లటి తెరెరె పట్టుకుని నవ్వింది. "టీచరమ్మా, గుర్తుపట్టారా? నేలిదాని. మీ నాలుగో తరగతి. రెండు గంటల్నించి వీడు నా బేరం చెడగొడుతున్నాడు. కొనడు, పోడు!"

"వాడికి అమ్మకు, నేలిదా."

"నేను అమ్మకపోతే పక్కింటోడు అమ్ముతాడు." అని కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "తీసుకుపోండి. పొద్దుపోతే మా ఆయనొస్తాడు. ఆయనకి మీరు టీచరు కాదు."

సిస్టర్ అర్సేనియో పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. విల్యాల్బా.

అర్సేనియో ఆమె వైపు తిరిగాడు. "ఇంట్లోనే ఉన్నానని చెప్పండి. ఒక్క మాట. మీకు దణ్ణం పెడతాను."

చెప్పడం ఎంత తేలిక! విల్యాల్బా ఆమె మాటని ఏనాడూ అనుమానించలేదు. అందుకే అబద్ధానికి నోరు రాలేదు. "నా పక్కనే ఉన్నాడు బాబూ. నది ఒడ్డు పేటలో ఉన్నాం. మత్తు ముట్టుకోలేదు. తీసుకొస్తున్నాను."

విల్యాల్బా అన్నాడు. "మీరు చెప్పకపోయినా బాగుండేది సిస్టర్ గారూ. ఇప్పుడు నేను పైకి రాయక తప్పదు."

ఇంటికి నడిచి వచ్చారు. గేటు దగ్గర అతను అన్నాడు. "రెండు గంటలు నాతో నేను కొట్లాడి గెలిచాను. మీరు ఒక్క మాటతో ఓడించారు."

ఆమె గేటు తీసి పట్టుకుంది.

జడ్జి అతన్ని మళ్లీ జైలుకి పంపాడు, చలికాలం పోయేదాకా. ఇంటిని మూయించలేదు. వారం వారం ఆమె జైలుకి వెళ్లి ఖైదీలకి లెక్కలు చెప్పింది. అర్సేనియో వచ్చి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. లోపల పొట్లాలు బయటకన్నా సులువుగా దొరుకుతాయని ఆమెకి తెలుసు. ప్రతిసారీ అతను లోపలికి రాగానే ముందు అతని కళ్లే వెతికేది, తను చెప్పిన నిజానికి అతను ఏం చెల్లిస్తున్నాడోనని.

ఇంకా చలి పోని ఆగస్టులో ఒకరోజు, ఆమె సుద్దముక్క కింద పెట్టి సర్దుకుంటుంటే, అతను గోడకేసి చూస్తూనే అడిగాడు.

"సిస్టరమ్మా, ఆ భిన్నాల లెక్క నాకు ఎక్కలేదు. మళ్లీ చెప్తారా?"

గార్డు తాళాలు ఆడిస్తూ టైమైపోయిందన్నాడు. ఆమె వినిపించుకోకుండా బల్ల లాక్కుని అతని పక్కన కూర్చుంది.