ఫినాయిల్ పోసిన డ్రమ్ములు

మురుగునీటి శుద్ధి కేంద్రం ఇన్‌ఛార్జికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు అన్నయ్య హోటలు వంటగదిలో ఆమె మాట దాదాపు గుసగుస అయిపోయింది.

ఆ హోటల్లో మిగిలిపోయిన తిండి, కూరగాయల తొక్కలు డ్రమ్ముల్లో కేంద్రానికి వస్తాయి. మూత బిగించిన తొట్టిలో వాటిని పులియబెట్టి, ఊరిన పులుపునీళ్లను మురుగులో కలుపుతారు. మురుగులోని నత్రజనిని తీసేసే సూక్ష్మజీవులకు అదే మేత. వాటిని ఆమె చంటిపిల్లల్లా సాకింది. ఆ వారం అవి కుప్పకూలాయి. శుద్ధికాని నీళ్లు వాగులో కలిసి, చేపలు వెల్లకిలా తేలాయి. కారణం కోసం ఊరంతా గాలించి, చివరికి అన్నయ్య పంపిన డ్రమ్ము మూత తీస్తే ఫినాయిల్ వాసన గుప్పుమంది.

"ఎవరు పోశారు?"

"నేనే," అన్నాడు అన్నయ్య, గరిటె తిప్పుతూనే. "కంపు భరించలేక తినడానికొచ్చినవాళ్లు లేచిపోతున్నారు. మీ వదిన పోరు పడలేక డ్రమ్ముకో సీసా పోశా. పోయేది మురుగులోకేగా, అత్తరు చల్లాలా?"

వంటవాళ్లు కిసుక్కుమన్నారు.

"వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావులే. చచ్చింది పురుగులేగా. మళ్లీ పుడతాయి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నీ కూరలో నేనో సీసా పోస్తే ఊరుకుంటావా అన్నయ్యా? తినేవాళ్లేగా, మళ్లీ ఇంకొకళ్లు వస్తారు."

వంటగదిలో ఎవరూ నవ్వలేదు. వదిన గుమ్మంలోకి వచ్చి, "తోడబుట్టినవాడికంటే నీకా మురుగే ఎక్కువైందా?" అంది.

"ఆ మురుగు మీదీ మాదీ వదినా. దిగువన ఆ వాగునీళ్లు తోడుకునేవాళ్లది కాదు." ఆమె బయటికి నడిచింది. "రేపట్నుంచి మా బండి ఇటు రాదు."

"మరి ఈ చెత్తంతా ఏం చేసుకోను?"

"నీ ఇష్టం."

పొరుగూరి కేంద్రం నుంచి సూక్ష్మజీవులు బతికున్న బురద అడిగి తెప్పించింది. మార్కెట్లో పారబోసే మగ్గిన పళ్లు పులియబెట్టింది. భోజనం తొట్టి పక్కనే, నిద్ర కుర్చీలోనే. కోపం మాత్రం చల్లారలేదు. వాగులోకి మళ్లీ తేటనీళ్లు వదిలాక అన్నయ్య ఫోన్ చేశాడు.

"నీ పురుగులు ఎలా ఉన్నాయే?"

"బతికాయి. నీ పుణ్యాన కాదు."

"ఫినాయిల్ మానేశాం. చెత్త పేరుకుపోతోంది. బండి పంపుతావా?"

"పంపుతా. నేను మాత్రం మీ గుమ్మం తొక్కను," అని పెట్టేసింది.