అప్పయమ్మ పుట్టింటివాళ్ళు

"ముందు మేడెక్కి ఆ డాక్టరమ్మ చెప్పింది ఇనీసి రా. నీ సైకిలు ఎక్కడికీ పారిపోదు," అంటూ అప్పయమ్మ హ్యాండిలు పట్టుకుని వదల్లేదు.

క్లాసు ఎగ్గొట్టి సినిమాకి జారుకోబోతున్న అనిల్ రెండుసార్లు లాగి చూశాడు. ఆ చెయ్యి ఇసుమంతైనా కదల్లేదు. నల్లటి పొట్టి మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, మడమల నిండా పగుళ్ళు, బొడ్లో బిగించి దోపిన చెంగు. బిలాస్‌పూర్‌లో ఆ కాలేజీ సైకిల్ స్టాండు ఆమె రాజ్యం. ఆ రోజు మేడ మీద నేత్రదానం గురించి చెప్పడానికి ఓ డాక్టరమ్మ వచ్చింది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయని ప్యూను చెప్పగానే అప్పయమ్మ స్టాండుకు గొలుసు చుట్టి తాళం వేసేసింది. ప్రిన్సిపాలు ఏమంటాడోనన్న బెంగ ఆమెకు లేదు. ఆయన స్కూటరూ లోపలే ఉంది.

"మౌసీ, కళ్ళిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డోళ్ళుగా పుడతారట. మా అమ్మ చెప్పింది," అన్నాడు అనిల్. ఆమెలాగే రైల్వే తెలుగువాళ్ళ పిల్లాడే అయినా, పిన్నీ అనకుండా కాలేజీలో అందరిలా హిందీలో మౌసీ అనేవాడు.

"అచ్ఛా! మరి మీ తాత పోతే ఏటి చేసినారు?"

"కాల్చారు."

"కళ్ళతో సహానా? అయితే పాపం, ఈపాటికి బూడిదై పుట్టుంటాడు. పోయి ఎతుక్కో."

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. అనిల్ ముఖం కందగడ్డయింది.

"వింటాను గానీ సంతకం మాత్రం పెట్టను," అన్నాడు.

"పెట్టకు. పెట్టమని ఎవులన్నారు? ఇనమన్నాను. ఇన్నాక నీ ఇష్టం."

వాడు గొణుక్కుంటూ మెట్లెక్కాడు. వాడి వెనకే మిగిలినవాళ్ళూ కదిలారు.

ఈ పని ఆమె పుణ్యానికి చేసేది కాదు. కోపంతో చేసేది. మొగుడు పోలయ్య లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంజను పొయ్యిలోకి చూసి చూసి కూడా ఆయన కళ్ళు చెక్కు చెదరలేదు. "నేను రిటైరైనా వీటికింకా డ్యూటీ ఉందే," అని నవ్వుతూ ఏదో శిబిరంలో సంతకం పెట్టి వచ్చాడు. ఆయన పోయిన రోజు డాక్టరు మంచుపెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ కుటుంబాల్లో ఒక కట్టుబాటు ఉంది. మగవాడికైతే మేనమామ వైపువాళ్ళు, ఆడదానికైతే పుట్టింటివాళ్ళు వచ్చి కొత్త బట్ట కప్పేదాకా శవం మీద పరాయి చెయ్యి పడకూడదు. మేనమామ వైపువాళ్ళు పలాసలో రైలెక్కారు. ఆ రైలు ఆలస్యమైంది. కళ్ళు తియ్యాల్సిన గడువు దాటేదాకా చూసి డాక్టరు లేచి వెళ్ళిపోయాడు. అప్పయమ్మ గడప మీద కూలబడి అందర్నీ పేరుపేరునా తిట్టింది. దుఃఖంలో మతి పోయిందనుకుని ఆడవాళ్ళు ఆమెను రెక్కలు పట్టి లోపలికి లాక్కుపోయారు. బట్ట వచ్చేసరికి ఆ కళ్ళు ఎవరికీ కొరగాకుండా పోయాయి. రైళ్ళ మీద బతికే మనుషులు రైలు కోసమే వాటిని పాడుచేసుకున్నారు.

మధ్యాహ్నం మరిది ఆదినారాయణ స్టాండు దగ్గరికి వచ్చాడు. రిటైరైన రైల్వే గార్డు. కాలనీలో పెళ్ళికైనా చావుకైనా ఆయన మాటే చెల్లుతుంది. అప్పుడే మేడ దిగి వచ్చిన ఊర్మిళ, పక్కనే నిలబడి అంతా వింది. ఆ కాలనీ పిల్లే. కిందటేడు కాలేజీలో అందరికన్నా ముందు సంతకం పెట్టింది ఆమె.

"ఒదినా, నువ్వు సంతకం పెట్టింది చాలక మనోళ్ళ పిల్లలందరి చేతా పెట్టించీసి ఏటి సాధిస్తావు? కాలనీలో తలెత్తుకోలేకపోతన్నాను."

"నీ తల ఎత్తుకోడానికి నా కళ్ళేటి అడ్డం మరిదీ?"

"ఎగతాళి కాదు. రేపు నువ్వు పోతే, మీ పుట్టింటోళ్ళు వచ్చి కోక కప్పేదాకా ఏ డాక్టర్నీ గడప దాటనివ్వను. అన్నయ్యకెలగో నీకూ అలగే."

"నా పుట్టింట్లో ఎవులున్నారు? తమ్ముడు పోనాడు. ఆడి కొడుకులు నా మొహమైనా ఎరగరు."

"ఎరక్కపోతే ఏటి? రక్తం."

"మొహం ఎరగనోడు రైలు దిగీదాకా నాను కుళ్ళాలా? కానీ, చూద్దాం. నీ గడప గట్టిదో నా మాట గట్టిదో."

ఆదినారాయణ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పయమ్మ గోడకు చేరబడి కాసేపు ఊపిరి పట్టి పట్టి తీసుకుంది. మాట నెగ్గినా భయం తీరలేదు. పోలయ్యకు జరిగిందే తనకూ జరుగుతుందని ఆమెకు లోలోపల తెలుసు.

"గంజి తాగీసి వస్తానే గుంటా, ఆఖరి గంటకి తాళం తీస్తాను," అని ఊర్మిళతో చెప్పి బుధవారీ బజారు వెనక ఉన్న తన గదికి వెళ్ళింది.

ఆఖరి గంట కొట్టారు. ఆమె రాలేదు. గొలుసు ముందు పిల్లలు పోగై గోల పెడుతుంటే ఊర్మిళ, అనిల్ ఆమె కోసం బయల్దేరారు. గది తలుపు ఓరగా వేసి ఉంది. కంచం కడిగి బోర్లించి ఉంది. అప్పయమ్మ చాప మీద పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. ఊర్మిళ రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఏడవడానికి తీరిక లేదు. ఫ్యాను ఆపింది. రెప్పలు మూసి, మేడ మీద విన్న ప్రకారం తడిబట్ట వేసింది. డాక్టరమ్మ ఇంకా కాలేజీలోనే ఉంటుంది, తీసుకురమ్మని అనిల్‌తో చెప్పింది. చెవిలో మరో మాట కూడా చెప్పి తరిమింది.

కబురు అందుకుని ఆదినారాయణ వచ్చాడు. "ఒదినా!" అని ఒక్కసారి గొంతు చించుకుని ఏడ్చాడు. పై కండువాతో మొహం తుడుచుకుని గడపకు అడ్డంగా నిలబడ్డాడు. డాక్టరమ్మ వచ్చింది. స్టాండు దగ్గరి పిల్లలంతా నడిచే వచ్చారు.

"పలాసకి తంతి ఇచ్చినాం. పుట్టింటోళ్ళు రావాల," అన్నాడాయన.

అప్పుడు అనిల్ రిక్షాలోంచి దూకి, సదర్ బజారు కొట్టు కాగితం పొట్లం తెచ్చి ఊర్మిళ చేతిలో పెట్టాడు. ఆమె విప్పింది. ఎర్రటి చీర, జరీ అంచు. కుర్రాడికేం తెలుసు? కొట్లో అన్నిటికన్నా బాగున్నది తెచ్చేశాడు. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

"ముండమోసినదానికి ఎర్రకోకా! ఎవులు మీరసలు?" అని అరిచాడు ఆదినారాయణ.

"పుట్టింటివాళ్ళం." ఊర్మిళ అడుగు వెనక్కి పడలేదు. "రోజూ ఆమె మొహం చూసినవాళ్ళం, ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళం. మేం కాకపోతే ఇంకెవరు మామయ్యా?"

"హమ్ మాయకేవాలే హైఁ," అన్నాడు వెనకనుంచి ఒక ఛత్తీస్‌గఢీ కుర్రాడు. పుట్టింటివాళ్ళం మేమేనని ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అన్నారు. చివరికి అనిల్ కూడా అన్నాడు.

"పుట్టింటివాళ్ళు ఏ రంగు తెచ్చినా కాదనకూడదట కదా. మా నాయనమ్మ చెప్పేది," అంది ఊర్మిళ.

అది కూడా ఆ కట్టుబాటే. ఆదినారాయణకు తెలుసు. ఎన్ని చావుల్లోనో ఆ మాట ఆయనే తీర్పుగా చెప్పాడు. ఎర్రచీర వైపు చూశాడు, లోపల చాప వైపు చూశాడు. గడప దిగి పక్కకు జరిగాడు. ఊర్మిళ, అనిల్ చెరో అంచూ పట్టుకుని అప్పయమ్మ గడ్డం దాకా చీర కప్పారు. డాక్టరమ్మ పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్న, ఆమె చెంగున దొరికిన తాళంచెవితో స్టాండు గొలుసు పిల్లలే తీశారు. ఎవరి సైకిలు వాళ్ళు తీసుకుంటూ కూడా ఆమె కూర్చునే చోటును తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు. అక్కడ గోడ ఇటుకల సందులో, ఆమె నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని సగం కాల్చి, మిగతాది తర్వాత కాల్చుకుందామని ఆర్పి దాచిన చుట్ట అలాగే ఉంది.