చౌడు చేని చెరుకు

1979 ఫిబ్రవరి నాటికి కరుణాకర్‌కు కూర్చుంటే కునుకు, నిల్చుంటే నడుం నొప్పి. నంద్యాల బయట ఉన్న చక్కెర మిల్లులో అతను కెమిస్టు. తోటి కెమిస్టు సీజను మధ్యలో మానేసి వెళ్లిపోవడంతో ఆ పని కూడా ఇతని మెడకే చుట్టుకుంది. కోడి కూయకముందే ఆళ్లగడ్డలో బస్సెక్కడం, దీపాలు పెట్టాక దిగడం. ఆదివారం ప్రార్థనకు కూడా భార్య ప్రసన్నకుమారి ఒక్కతే వెళుతోంది.

దానికి తోడు ఆ ఏడు చక్కెర పచ్చగా వస్తోంది. చెరుకు రసానికి గంధకం పొగ పట్టిస్తేనే చక్కెర తెల్లబడుతుంది. పొగ పట్టిస్తూనే ఉన్నారు, చక్కెర మాత్రం పాత కాగితం రంగు వదలడం లేదు. మేనేజరు వారంపాటు కేకలేసి, చివరికి ఒక కారణం పట్టుకున్నాడు.

"చాగలమర్రి చెరుకుతోనే వచ్చింది తంటా. అదంతా చౌడు నేల. ఏమంటావ్ కరుణాకర్?"

కరుణాకర్‌కు అప్పుడు తల ఊపడమే తేలిక. "అయ్యుండొచ్చు సార్," అన్నాడు.

ఆ ఒక్క మాటతో చాగలమర్రి ట్రాక్టర్లు గేటు దగ్గర ఆగిపోయాయి. కొందరు తిట్టుకుంటూ బెల్లం బట్టీలకు మళ్లించుకున్నారు. రంగయ్య మాత్రం ట్రాక్టరును కదల్చలేదు, దానికి అల్లుణ్ణి కాపలా పెట్టి ఊరికి పోయొచ్చాడు. మిల్లులో అందరూ ఎరిగిన తెల్ల మీసాల రైతు. మూడో రోజు పొద్దున చెరుకు గడ ఒకటి భుజాన వేసుకుని నేరుగా ల్యాబులోకే వచ్చాడు.

"నువ్వేనా అప్పా, నా చేను చౌడన్న సారు?"

"నేననలేదు రంగయ్యన్నా. మేనేజరు..."

"ఎవురంటేనేం? మా ఊర్లో పాకిపాయ ఆ మాట. ముప్పై ఏండ్లుగా దున్నుతాండా ఆ చేను. ఇప్పుడు దాన్ని చూసి నగుతాండారు. నా పెండ్లాం ఆదిలక్ష్మమ్మ బాయికాడికి పోవాలంటేనే తల దించుకుంటాంది. ఇదో, గడ తెచ్చినా. నువ్వే చూసి చెప్పు."

కరుణాకర్‌కు విసుగు రాలేదు. విసుక్కోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. గడ పిండించి రసం పరీక్ష చేశాడు. తీపి బాగుంది. ఉప్పు జాడ లేదు. ఆ సీజనులో తాను చూసిన మంచి రసాల్లో అదొకటి. నమ్మకం చాలక ఇంకోసారి చేశాడు. అదే ఫలితం.

చెరుకుది తప్పు కాకపోతే పొగది కావాలి. రంగయ్యను కూర్చోమని చెప్పి గంధకం పొయ్యి దగ్గరికి నడిచాడు.

పొగ ఎంత పోతోందో చూపే మీటరును ఈ సీజనుకే బొంబాయి నుంచి పాతది కొని తెచ్చారు. మోల్ అనే రసాయన కొలతలో గంటకు ఒక కిలోమోల్ పొగ కావాలని కరుణాకరే లెక్క కట్టాడు, ముల్లు ఒకటి దగ్గర నిలపమని అతనే చెప్పాడు. ముల్లు అక్కడే ఉంది. కానీ కిలోమోల్ పొగ రావాలంటే గంటకు ముప్పై రెండు కిలోల గంధకం కాలాలి. అన్ని కిలోలు కాలుతున్నాయా?

పొయ్యి చూసే ఏసయ్యను పిలిచి, తూకం తెప్పించి, గంటసేపు ఆ ఘాటులో దగ్గుతూ నిలబడి, పోసే గంధకమంతా తూచాడు. పద్నాలుగున్నర కిలోలు.

"తూకం సరిగానే ఉందా ఏసయ్యా?"

"పొద్దున్నే సరిజూసినా సార్."

కరుణాకర్ జేబురుమాలుతో మీటరు అద్దం తుడిచాడు. మసి కింద, అంకెలకు దిగువన, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. గంటకు పౌండ్‌మోల్. కిలోమోల్ కాదు.

గోడకు చేరగిలబడ్డాడు. కిలోమోల్ అంటే వెయ్యి మోల్‌లు. పౌండ్‌మోల్ అంటే నాలుగు వందల యాభై మూడున్నర. కావలసినదాంట్లో సగం కూడా పంపకుండా ఇన్నాళ్లూ రసాన్ని, నేలను, మనుషుల్ని ఆడిపోసుకున్నారు. బీఎస్సీలో ఇట్లాంటి లెక్కలు నిద్రలో లేపి అడిగినా చేసేవాడు. ఈసారి మీటరు బిగించిన నాడు ఆ నిద్రే ముంచింది. వెయ్యిని నాలుగు వందల యాభై మూడున్నరతో భాగించి, "ముల్లు రెండుంపావు కంటే కాస్త తక్కువలో పెట్టు ఏసయ్యా. రెండు పాయింటు రెండు," అన్నాడు.

సాయంత్రానికి చక్కెర తెల్లగా దిగింది. మేనేజరు గుప్పెడు తీసి చూసుకున్నాడు. జరిగింది విని ఆ గుప్పెడూ మళ్లీ కుప్పలో పోశాడు.

"సరే, అయిపాయ. చాగలమర్రి బండ్లను రానీ. మీటరు సంగతి మాత్రం బయట ఎత్తొద్దు. మిల్లుకు నగుబాటు."

కరుణాకర్ ఈసారి తల ఊపలేదు. గేటు దగ్గరికి వెళ్లి రంగయ్య పక్కన దిమ్మె మీద కూలబడ్డాడు.

"నీ చెరుకు బంగారం రంగయ్యన్నా. తప్పు నాది. మీటరు ఒక కొలతలో చూపిస్తాంటే నేను ఇంకో కొలతనుకున్నా."

రంగయ్య తిడతాడనుకున్నాడు. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, అంతే.

"నాకు జెప్తే ఏం లాభమప్పా? నేను పోయి చెప్తే నమ్ముతారా? నా చేను నేనే పొగుడుకుంటాండానంటారు."

ట్రాక్టరు లోపలికి పోయింది. చెరుకు దించాక దాన్ని అల్లుడు తోలుకొస్తాడని, రంగయ్య బస్సుకు బయలుదేరాడు. కరుణాకర్‌దీ అదే బస్సు. కిటికీకి తల ఆనించగానే కళ్లు మూతలు పడ్డాయి.

"ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ!" అన్న కండక్టరు కేకకు మెలకువ వచ్చింది. అలవాటుగా సంచీ అందుకుని లేచాడు. కిందకు దిగితే నాలుగడుగుల్లో ఇల్లు. వేడినీళ్లు, అన్నం, చాప.

రంగయ్య పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "దిగు నాయనా, మీ ఊరొచ్చె," అన్నాడు మామూలుగా.

కరుణాకర్ కిటికీలోంచి తొంగిచూశాడు. వీధి చివర ఉండే నతానియేలు మాస్టారు ట్యూషన్ ముగించుకుని సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు.

"మాస్టారూ! మా ప్రసన్నకు చెప్పండి, రాత్రికి రావడం ఆలస్యమవుతుందని. చాగలమర్రి దాకా పోతాండా."

"ఇంత పొద్దుపోయి ఆడేం పని?"

"ఒక మాట చెప్పి రావల్ల," అని కరుణాకర్ మళ్లీ కూర్చుని కండక్టరును ఇంకో టికెట్టు అడిగాడు.